నెట్టుకు వంతులు

"మీ ఫైబర్ నెట్ సేవలను ట్రాయ్ నిబంధనల మేరకు ఈ పూటకు నిలిపివేస్తున్నామండీ" అని ఫోన్లో ఓ తేనె గొంతు పలికింది.

ఫోను వనజాక్షిది. ఎత్తింది మాత్రం ఆమె అత్త పేరమ్మ. కోడలు పెరట్లో తలంటుకుంటోంది, ఫోనేమో మోగి మోగి గోల పెడుతోంది. ఎండుచేపలు తిరగేస్తున్న చేత్తోనే పేరమ్మ దాన్ని ఎత్తి చెవికి అంటించుకుంది. ఆ చెవిలోకి దూరేసరికి 'ట్రాయ్' కాస్తా 'దురాయి' అయి కూర్చుంది.

మైపాడుకు దిగువన, ఇసుకలో సగం కూరుకుపోయి ఉండే నడిమిపాళెంలో దురాయి అంటే చిన్న మాట కాదు. పాళెం పెద్దలైన కాపులు కూర్చుని 'ఇది చేయకూడదు' అని వేసే కట్టు అది. దురాయి పడిందంటే పడవ కదలదు, వల తడవదు. మీరినవాణ్ని ఆ పాళెంలో కుక్క కూడా పలకరించదు. పైగా అక్కడ ఫైబర్ అంటే పడవే, ఎందుకంటే అందరివీ ఫైబర్ పడవలే. నెట్ అంటే వల అని చిన్నబడి చదువుకున్న పేరమ్మకు కూడా తెలుసు. ఇక 'నిలిపివేయడం' అన్నదానికి నిఘంటువు అక్కర్లేదు.

"ఒరే అబ్బయ్యల్లారా! ఆపండ్రా! ఫైబర్లూ వలలూ అన్నీ ఆపెయ్యమని దురాయి ఏసినారంట!" అని కేకలు పెడుతూ ఆవిడ రేవుకు పరిగెత్తింది.

పడవలు నెట్టేవాళ్లు నెట్టడం ఆపారు. అల దాటిపోయినవాళ్లను తువ్వాళ్లు ఊపి వెనక్కి పిలిచారు. వనజాక్షి మొగుడు ప్రసాద్ ఇంజను ఆపి, "ఎవురేసినారు మా, ఎందుకేసినారు?" అంటే, "అదంతా నాకు తెలీదు, ఒక ఆడమనిషి మర్యాదగా చెప్పింది" అంది తల్లి. దురాయి మర్యాదగా వేయడం ఆ తీరంలో అదే మొదటిసారి. జనమంతా పెద్దకాపు మునెయ్య ఇంటి మీదికి పోయారు.

మునెయ్య అప్పుడే పళ్లు తోముకుని పుక్కిలిస్తున్నాడు. తన పాళెంలో తనకు తెలియకుండా దురాయి వేసిన మొనగాడు ఎవడో ఆయనకూ అంతుబట్టలేదు. తెలియదంటే పెద్దరికం పోతుంది, తెలుసంటే కారణం చెప్పాలి. అందుకని నోట్లో నీళ్లు నోట్లోనే ఉంచుకుని గంభీరంగా తలాడించాడు. ఆ తలాడింపుతో లేని దురాయి ఉన్న దురాయి అయిపోయింది.

అంతలో వనజాక్షి తడిజుట్టుతో పరుగున వచ్చింది. "మామా, అది దురాయి కాదు, ట్రాయ్! ఫోను కంపెనీలకీ నెట్టు కంపెనీలకీ రూల్సు పెట్టే ఆఫీసు. ఢిల్లీలో ఉంటాది. పాపం ఆ ఆఫీసోళ్లు మన లైను ఆపమని ఎప్పుడూ చెప్పలా. వైరు తెగినప్పుడల్లా మనకు నెట్టిచ్చే వీళ్లిద్దరే ఆ పేరు అడ్డం పెట్టుకుంటుండారు. ఆగింది మన వలలు కాదు, మా ఇంట్లో ఇంటర్నెట్టు."

జనమంతా ఒక్కసారిగా నవ్వారు. పేరమ్మ కూడా నవ్వింది. నవ్వనిది మునెయ్య ఒక్కడే. నోట్లో నీళ్లు మింగేసి అడిగాడు.

"అంటే నెట్టోళ్లకు ఢిల్లీలో ఒక కాపు ఉండాడు. ఆ కాపు మాట వీళ్లు లెక్కపెట్టరు. అంతేనా?"

"అంతే మామా."

"నా మాట లెక్కపెడతారు. రమ్మను ఇద్దర్నీ."

ఆ ఇద్దరి సంగతి చెప్పాలి. నడిమిపాళేనికి నెట్టు ఇచ్చే ఆపరేటర్లు ఇద్దరు. ఆపరేటర్ అంటే 'ఆపి, రేటు చెప్పేవాడు' అని వనజాక్షి సొంత నిర్వచనం. ఒకడు ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటలున్న నరేంద్రబాబు, సాగర్ నెట్ యజమాని. రెండోవాడు తరంగ్ ఫైబర్ బెన్హర్. సాగర్ వాళ్లది నీలం వైరు, తరంగ్ వాళ్లది నారింజ రంగు వైరు. రెండూ కరెంటు స్తంభాలనూ కొబ్బరి చెట్లనూ పట్టుకుని పోటాపోటీగా పాళెంలోకి పాక్కుంటూ వచ్చాయి. ఇద్దరూ 'అన్‌లిమిటెడ్' అని బోర్డులు కట్టారు. జనం డబ్బు కట్టాక తెలిసింది, అది అన్‌లిమిటెడ్ కాదు, అన్నీ లిమిటెడ్ అని. స్పీడు అన్నారు, పీడ అయింది. కస్టమర్ కేర్ అన్నారు, కష్టమర్లంటే కేరే లేదు. సిగ్నలూ లేదు, సిగ్గూ లేదు. వీటన్నిటికీ తోడు ఒకరి వైరు ఒకరు కోసుకోవడం. నీలం తెగితే నారింజోళ్లు కోశారంటారు, నారింజ తెగితే నీలమోళ్లు కోశారంటారు. కేబుల్ కన్నా కబుర్లే పొడుగు.

పాళెంలో మిగతావాళ్లకు నెట్టు ఆగితే సినిమా ఆగుతుంది, సీరియల్ ఆగుతుంది. వనజాక్షికి మాత్రం బతుకే ఆగుతుంది. చెన్నైలో ఒక పెద్దాసుపత్రికి నెల్లూరు, గూడూరు వైపు నుంచి తెలుగువాళ్లు విపరీతంగా పోతుంటారు. వాళ్ల ఫోన్లు ఎత్తి, జబ్బు ఏమిటో విని, ఏ డాక్టరు దగ్గరికి ఏ పూట రావాలో తెలుగులో చెప్పే ఉద్యోగం ఆమెకు దొరికింది. ఇంట్లోనే, కిటికీ పక్కన, చెవులకు బుట్టల్లాంటి హెడ్‌ఫోన్లు పెట్టుకుని. రేవులో చేపలు అమ్మినంత కాలం అరిస్తేనే కూడు పుట్టిన పేరమ్మకు, మెల్లగా మాట్లాడితే జీతం ఇస్తారన్నది ఇప్పటికీ నమ్మకం కుదరలేదు. ఇరుగుపొరుగును పిలిచి కిటికీలోంచి చూపించేది. "మా కోడలు మే, అరవకుండానే సంపాదిస్తుండాది!"

ఆ ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. పై అధికారి కరుణాకుమారి పేరుకు తగ్గట్టే కరుణ గలది, కానీ ఆ కరుణకూ ఒక హద్దుంది. "వనజా, గుండెనొప్పి అని ఒకాయన చెబుతుండగా నువ్వు మాయమైపోతే ఎట్టామ్మా? ఈ నెలాఖరు దాకా చూస్తా. మళ్లీ లైను తెగితే నీ సీటు ఇంకొకరికి ఇచ్చేస్తా" అని చెప్పేసింది. సెల్లు ఫోను మీద నడుపుకుందామంటే పాళెంలో సిగ్నలు వచ్చి పోతుంటుందే గానీ తుఫాను షెల్టరు డాబా మీద తప్ప ఎక్కడా నిలవదు. ఆ ఆసుపత్రి పనికి తీగ ఉండాల్సిందే.

ఆ తుఫాను షెల్టరులోనే పంచాయితీ పెట్టారు. నరేంద్రబాబు తెల్లచొక్కాలో, బెన్హర్ నల్లకళ్లద్దాల్లో వచ్చారు. ఎదురెదురుగా కూర్చుని ఒకరి మీద ఒకరు నిప్పులు కక్కారు. మధ్యలో లైన్‌మన్ ముత్యాలయ్య నిలబడి ఇద్దరికీ మంచినీళ్లు అందించాడు.

మునెయ్య అంతా విన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. తెరిచేసరికి తీర్పు సిద్ధంగా ఉంది.

పాళెం పక్కన ఏరు సముద్రంలో కలిసే మొగ ఒకటి ఉంది. అక్కడ రొయ్య దండిగా పడుతుంది. అందరూ ఒకేసారి వల కడితే తలకాయలు పగులుతాయి కనుక తాతల నాటి నుంచీ వంతులు. ఇవాళ ఈ ఇంటివాళ్లు కడితే రేపు ఆ ఇంటివాళ్లు. వంతు లేనివాడు వల ఎత్తేయాలి. ఆ వంతుల పుణ్యాన మొగ దగ్గర ఎన్నడూ నెత్తురు పడలేదు.

"ఇదీ అంతే. పాళెం ఒక మొగ. మీ రెండూ రెండు వలలు. ఒకే నీళ్ల కోసం కొట్టుకుంటుండారు. ఇవాళ సాగర్ ఏస్తే రేపు తరంగ్. వంతు లేనోడు ఎత్తెయ్యాల. వంతు మీరినోడితో పాళేనికి మాట లేదు. ఇదే దురాయి."

షెల్టరు 'ఆహా' అంది. వనజాక్షి మాత్రం 'అయ్యో' అంది. "మామా, ఒక ఇంట్లో రోజుకొక లైనంటే ఎట్టా? ప్రతి ఇంటికీ రెండూ పెట్టించుకోవాల గదా?"

"పెట్టించుకోండి. ఇంటికి రెండు వలలు ఉండవా?"

"అది కాదు మామా..."

"అమ్మాయ్, మొగ వంతు సంగతి నాకు తెలుసా, నీకు తెలుసా?"

ఏదో తేడా ఉందని ఆమెకు తెలుసు, అది ఎక్కడుందో నోటికి రాలేదు. ఇంకా విచిత్రం, అప్పటిదాకా గొంతులు పట్టుకోబోయిన నరేంద్రబాబూ బెన్హరూ "పెద్దకాపు మాటకు ఎదురేముంది?" అని ఒకే శ్వాసలో ఒప్పేసుకున్నారు. పాడి తెలిసిన మనుషులని జనం మెచ్చుకున్నారు. పాడి సంగతేమో గానీ పాడె కట్టింది మాత్రం జనానికే అని ఎవరికీ తట్టలేదు.

ఇంటింటా రెండు డబ్బాలు మొలిచాయి. ఒక రోజు నీలం దీపం, ఒక రోజు నారింజ దీపం. పొద్దున్నే వంతు మారే వేళ ఎవరి దీపమూ వెలగదు. అది ఎవరి వంతు అని అడిగితే, "వాళ్లు ఇంకా ఎత్తలేదండీ" అని వీళ్లు, "వీళ్లు ఇంకా వెయ్యలేదండీ" అని వాళ్లు. బిల్లులు మాత్రం వంతులు లేకుండా ఇద్దరివీ ఒకేసారి వచ్చేవి. వంతు ఎవరిదైనా ఇబ్బంది మనవంతు అనుకుంటూ వనజాక్షి రెండు డబ్బాల మధ్య బొంగరంలా తిరిగింది. వంతు అన్న మాట వింటేనే ఆమెకు వాంతి వచ్చేది.

నెలాఖరు దగ్గరపడుతోంది. ఆ రోజు సాగర్ వంతు. గూడూరు నుంచి ఆదిశేషమ్మ అనే పెద్దావిడ ఫోన్లో ఉంది. మొగుడికి రాత్రంతా ఆయాసమట. "అమ్మా, మా ఇంటాయనకు మాట కూడా రావడంలా, ఎప్పుడు తీసుకురమ్మంటావు తల్లీ?" అంటోంది. "ఇప్పుడే బయల్దేరండమ్మా, నేను నేరుగా..." అని వనజాక్షి అంటుండగా డబ్బా గుటుక్కుమంది.

దురాయి సంగతి పక్కనపెట్టి ఆమె తరంగ్ డబ్బా తగిలించింది. వంతు మీరినా ఫరవాలేదు, ఆవిడ మొగుడు బతికితే చాలు. కానీ అదీ చచ్చింది. రెండు డబ్బాలూ ఒకే క్షణాన ఎర్రగా చూస్తున్నాయి.

షెల్టరు డాబా మీదికి పరిగెత్తి ఆసుపత్రికి ఫోన్ చేసి, ఆదిశేషమ్మ నంబరు చెప్పి వేరేవాళ్ల చేత మాట్లాడించింది. ఆ పని అయ్యాక నరేంద్రబాబుకు చేసింది. "బెన్హర్ మనుషులు మా వైరు కోసేసినారమ్మా" అన్నాడు. బెన్హర్‌కు చేసింది. "నరేంద్రబాబు మనుషులక్కా, మా వైరు కోసేసినారు" అన్నాడు. ఇద్దరి గొంతుల వెనుకా ఒకే మోటారు చప్పుడు వినిపించింది.

వనజాక్షి స్కూటరు తీసింది. తల పైకెత్తి, నీలం తీగనూ నారింజ తీగనూ పట్టుకుని, స్తంభం నుంచి స్తంభానికి పోయింది. ఎక్కడా తెగలేదు. రెండూ అక్కాచెల్లెళ్లలా పక్కపక్కనే నడిచి, ఇందుకూరుపేట దారిలో నరేంద్రబాబు రొయ్యల గుంటల వైపు మళ్లి, మేత బస్తాలు పెట్టే రేకుల షెడ్డులోకి దూరాయి.

లోపలికి అడుగుపెట్టగానే రొయ్యల మేత కంపు గుప్పుమంది. ఆ కంపు మధ్య గోడకు ఒక ఇనుప పెట్టె. నీలం తీగ అందులోకే, నారింజ తీగ అందులోకే. పెట్టె వెనుక నుంచి నెల్లూరు వైపు పోయేది ఒకే ఒక నల్ల తీగ. పక్కన మేకుకు రెండు చొక్కాలు, ఒకదాని మీద సాగర్ నెట్, ఒకదాని మీద తరంగ్ ఫైబర్. వాటి కింద బనీనుతో ముత్యాలయ్య నిలబడి, ఇప్పుడు ఏది తొడుక్కోవాలో తెలియక బిక్కమొహం వేశాడు.

మంచం మీద నరేంద్రబాబూ బెన్హరూ ఒకే గిన్నెలోంచి రొయ్యల వేపుడు తింటున్నారు. పోటీ అనుకుంది ఇన్నాళ్లూ. పోటీ లేదు, లూటీ ఉంది.

"మరి నెట్టు ఎందుకాగింది?" అందామె.

ముత్యాలయ్య నేల చూపులు చూశాడు. "గుంటలో రొయ్యలకు గాలి చాల్లేదక్కా. గాలి కొట్టే మోటారుకు ప్లగ్గు తక్కువైంది. అందుకని ఈ పెట్టెది పీకి దానికి పెట్టినా."

గుంటలో చక్రాలు గిరగిరా తిరుగుతున్నాయి. నురగలు కక్కుతూ నీళ్లు రొయ్యలకు ఊపిరి పోస్తున్నాయి. ఎక్కడో గూడూరులో ఒక ముసలాయన ఊపిరి కోసం కొట్టుకుంటుంటే, ఆ ప్లగ్గు ఇక్కడ రొయ్యకు పెట్టారు. చేపల పాళెంలో పుట్టి చేపల పాళెంలో మెట్టిన వనజాక్షి, జన్మలో మొదటిసారి రొయ్యల వాసనకు ముక్కు మూసుకుంది.

"కూర్చోమ్మా" అన్నాడు నరేంద్రబాబు, చెయ్యి తుడుచుకుంటూ. "చానాళ్లుగా మేం ఒకటే. బెన్హర్ తనది నాకు అమ్మేసినాడు. రెండు పేర్లుంటే జనానికి తృప్తి. ఒకడు నచ్చకపోతే ఇంకొకడి దగ్గరికి పోతారు, యాడికి పోయినా నా దగ్గరికే వస్తారు. మీ మునెయ్య ఇంకా మంచోడు, ఇద్దరి దగ్గరికీ ఒకేసారి పంపినాడు."

బెన్హర్ కిసుక్కుమన్నాడు.

"మరి ఆ వైర్లు కోసుకోవడం?"

"వైరు పాతదై పోతుంటే మార్చడానికి ఖర్చు. కోసినారంటే ఎవరూ ఖర్చు సంగతి అడగరు." నరేంద్రబాబు గొంతు తగ్గించాడు. "నీ సంగతి నాకు తెలుసమ్మా. ఆసుపత్రి ఉద్యోగం గదా. నీ ఒక్క ఇంటికి వేరే లైను ఏయిస్తా. బ్యాటరీ పెట్టి మరీ. ఉప్పెనొచ్చినా ఆగదు. వంతూ గింతూ లేదు. ఈ సాయంత్రానికే. పాళెంలో మాత్రం నోరు ఎత్తొద్దు."

అప్పుడే ఆమె ఫోన్లో కరుణాకుమారి సందేశం వచ్చి పడింది. 'ఆదిశేషమ్మగారి భర్తను అక్కడే గూడూరు ఆసుపత్రిలో చేర్పించాం. నువ్వు ఫోన్ చేసి మంచి పని చేశావు. కానీ ఇదే ఆఖరు. సాయంత్రం డ్యూటీకి లైను ఉంటే ఉండు, లేకపోతే వద్దు.'

సాయంత్రం. ఊ అంటే చాలు, లైనుంటుంది, ఉద్యోగముంటుంది, అత్త కిటికీలోంచి చూపించుకునే కోడలుంటుంది. వనజాక్షి గిన్నె వైపు చూసింది. రెండు చేతులు మళ్లీ దానిలోకి పోయాయి. నోరెత్తొద్దన్న నోరు రొయ్య తల పీల్చి పక్కన ఉమ్మింది.

ఆమె మేకుకున్న చొక్కాలు రెండూ లాగి చంకలో పెట్టుకుంది.

"అక్కా, నాకు అవే ఉండేది!" అన్నాడు ముత్యాలయ్య.

"బనీను మీదే ఉండు. ఇన్నాళ్లకు నీ అసలు డ్రస్సు కనపడింది" అని స్కూటరెక్కింది.

షెల్టరు ముందు వలలు బాగుచేసుకుంటున్నవాళ్ల మధ్య మునెయ్య కూర్చుని ఉన్నాడు. పేరమ్మ, ప్రసాద్, పక్కిళ్ల ఆడవాళ్లు, నెట్టు ఆగి ఏమీ తోచనివాళ్లు అంతా అక్కడే ఉన్నారు. వనజాక్షి ముందు డాబా ఎక్కింది. 'మేడమ్, సాయంత్రానికి నాకు లైను ఉండదు. కారణం రేపు చెబుతాను' అని సందేశం పంపి దిగింది. చొక్కాలు రెండూ మునెయ్య ముందు ఇసుకలో పరిచింది.

"ఏంది మే ఇది?"

"పోటీ మామా. రెండు కంపెనీలు. తొడుక్కునే ఒళ్లు మాత్రం ఒకటే."

షెడ్డులో చూసిందంతా చెప్పింది. ఒకే పెట్టె, ఒకే నల్ల తీగ, ఒకే గిన్నె. నమ్మలేక కొందరు, నమ్మాల్సి వచ్చి కొందరు నోళ్లు తెరిచారు. మునెయ్య చొక్కాల మీద నుంచి కళ్లు తిప్పలేదు.

"వంతు తప్పా?" అన్నాడు చివరికి, ఎవరినీ చూడకుండా. "మొగ దగ్గర తప్పు కాలేదే ఎప్పుడూ?"

ఆ రోజు నోటికి రాని మాట వనజాక్షికి ఇప్పుడు దొరికింది.

"మొగ దగ్గర వంతు తప్పు కాదు మామా. ఆడ వల మనది, అందుకని వంతు వల్ల మనకు న్యాయం జరిగింది. ఈడ వల వాళ్లది. మనం చేపలం. ఏ రోజు ఎవురి వలలో పడాల్నో చేపలకు వంతులు పెట్టినాం. పైగా రెండు వలలూ ఒకడివే."

పేరమ్మకు ఇంకా ఒక ముడి విడలేదు.

"అయితే ఇయ్యాళ వైరు కోసింది ఎవురు మే?"

"ఎవురూ కొయ్యలా అత్తా. గుంటలో రొయ్యలకు గాలి ఆడటం లేదని మన ప్లగ్గు పీకి వాటికి పెట్టినారు."

"రొయ్యలకా?"

"రొయ్యలకే."

పేరమ్మ "థూ!" అని ఇసుకలో ఉమ్మింది. ఆ ఉమ్ము చొక్కాల మీద పడింది. ఎవరూ తుడవలేదు.

మునెయ్య లేచి నిలబడ్డాడు. "తీర్పు నాది, తప్పు నాది. ఈ పొద్దు నుంచి వంతుల్లేవు. వాళ్ల తీగ ఏ ఇంటికీ వద్దు, రెండూ పీకి పారెయ్యండి. ఇంకొక కంపెనీ వచ్చిందాకా నడిమిపాళెంలో నెట్టు లేదు." అని ఆగి వనజాక్షి వైపు తిరిగాడు. "మరి నీ ఉద్యోగం అమ్మాయ్? నీ ఇంటికి మాత్రం..."

"వద్దు మామా. నా ఇంటికి మాత్రం ఏస్తానని వాడు కూడా అన్నాడు."

ప్రసాద్ తల తిప్పి ఆమెను చూశాడు. "ఏస్తానన్నాడా? నువ్వేమన్నావు?"

"ఏమంటాను? చొక్కాలు తెచ్చినా" అంది వనజాక్షి. ఇంట్లోకి పోయి రెండు డబ్బాలూ పీకి తెచ్చి ఆ చొక్కాల మీద పెట్టింది. అవి ఇంకా ఎర్రగానే చూస్తున్నాయేమోనని పక్కింటి పిల్లది వంగి చూసింది. ఏ తీగా లేని డబ్బా ఎర్రగా కూడా చూడదని దానికీ చెప్పాల్సి వచ్చింది.